దూదిగుండం కాడ చిన్నది

1961 జూన్ 18, ఆదివారం

తొవ్వ అయిపోయిందట. నిర్మల్ కెళ్లి మా ఇప్పలగూడ దాకా, ఆడికెళ్లి అడివిల దూదిగుండం దాకా ఇగ మోటరు వస్తదట. ఆయన కచ్చీరు మెట్ల మీద నిలబడి ఊరోళ్లకు చెప్తుంటే ఇంట్లకు వినబడ్డది. ఆ గొంతుల గంత సంబరం విని శాన రోజులైంది. పట్నం దొరలొస్తరట, ఆడోళ్లొస్తరట, నీళ్లు పడేది చూసి పోతరట. ఊరికి మంచిదే.

పగటీలి గుండానికి పోయిన. వాన ఇంక పట్టలే గద, బండ మీదికెళ్లి నీళ్లు సన్నగ దారం లెక్క దిగుతున్నయి. గుండంల మబ్బు కదలకుంట పండుకున్నది. దేవవ్వ మోకాళ్ల దాకా దిగి రంగేసిన నూలు జాడిస్తున్నది. ఎరుపు ఆమె కాళ్ల చుట్టు తిరిగి తిరిగి, పోబుద్ధి కానట్టు మెల్లగ పోతున్నది.

"వదినె, చిన్నది ఇయ్యాల ఏం చేసింది?" అన్నది.

"నువ్వే చెప్పు."

"ఏం చేస్తది, నా నూలు చిక్కు చేసి పెట్టింది. వద్దంటే మొఖం ముడుసుకుంటది. మాట పడదు నీ బిడ్డ."

నేను నవ్విన. ఇంటికి వచ్చేదాక నవ్వుకుంటనే వచ్చిన. గడప కాడ ఆపేసిన.

జూన్ 20

చిన్నది పుట్టి రెండేండ్లు దాటింది. పుట్టి అని రాసిన గని, ఊపిరి తియ్యనే లే. నేను తెలివిల లేను. మంత్రసానికి సాయంగ దేవవ్వ ఉండె. నేను కండ్లు తెరిచేటాల్లకు తొట్టె గూడ ఇంట్ల లేకుండె. "ఇగ ఆ ముచ్చట ఈ ఇంట్ల వద్దు" అన్నది అత్తమ్మ. ఎవ్వలు తియ్యలే. ఆయన గూడ.

ఒకనాడు గుండం కాడ దేవవ్వ, నేనేం అడగకముందే, "జుట్టు మస్తుండె వదినె, చెవులు నీవే" అన్నది. గప్పటి సంది చిన్నది గుండం కాడ పెరుగుతున్నది. పాకింది. బండ పట్టుకొని నిలబడ్డది. మొన్న ఎండకాలం మాటలొచ్చినయి.

ఇంటి కాడ దేవవ్వ నన్ను దొరసాని అంటది. వాకిట్ల నిలబడే మాట్లాడుతది, మగ్గం నేసే సాలోళ్ల మనిషి పటేలు ఇంట్ల కూసుండొద్దు గద. గుండం కాడ వదినె అంటది. నేను మంథనిల గోదారి ఒడ్డున పుట్టినదాన్ని. నీళ్లల్ల దిగితే పెద్దింటోళ్లు, చిన్నింటోళ్లు ఏముంటరు, తడిసిన కొంగులే గద.

జూలై 9, ఆదివారం

వానలకు గుండం నిండింది. నీళ్లు బండ మీద పడుతుంటే దూది ఏకినట్టు తెల్లగ లేస్తున్నదట. ఆయన చెప్పిండు. చూసెటందుకు నేను పోలే, బస్సు నిండ మంది వచ్చిన్రు. గొడుగులు, టిఫిన్ డబ్బలు, ఒకాయన చేతిల పాట పెట్టె. మా వాకిలి ముంగట్నే పోయిన్రు. ఆయన వాళ్ల ముంగట నడుస్తుండు.

జూలై 10

పోయి మల్లొచ్చిన. ఒడ్డు మీద ఇస్తార్లు, సీస పెంకులు. మేము బట్టలుతికే బండ మీద ఎవలో సున్నంతోని పేర్లు రాసుకున్నరు. దేవవ్వ రాలే.

జూలై 23, ఆదివారం

హైదరాబాద్ దొరలు ఇంటికొచ్చి చాయ తాగిన్రు. ఆయన వాళ్లతోని "రండి, కూర్చోండి, చూశారా ఎంత బాగుందో" అంటుండు. నేను లోపల చాయ గిన్నె పట్టుకొని, ఎవలో కొత్త మనిషి వచ్చిండనుకున్న. వాళ్లు పోయినంక నా దిక్కు తిరిగి "జర నీళ్లియ్యి" అన్నడు. అప్పుడు మల్ల ఆయనే.

ఆదివారం మేము పోతలేము. మిగతా దినాలు మావే. గంతే గద. సదురుకోవాలె.

ఆగస్టు 3

శనివారం గూడ వస్తున్రు. శుక్రవారం జీపొచ్చింది. ఒక్కోనాడు పోలీసోళ్లు, ఒక్కోనాడు పెండ్లోళ్లు. మేము తెల్లారగట్ల పోయి చీకట్లనే బట్టలు పిండుకొని వస్తున్నం. గా వేళకు దేవవ్వకు మగ్గం పని, రాదు. రంగు ఆరినంకనే ఆమె నూలు తెస్తది, గప్పటికి నేను ఇంట్ల. ఒకరు పోయిన తొవ్వల ఇంకొకరు వస్తున్నట్టు అయితున్నది.

చిన్నది ఏం చేస్తున్నదో. నేనొక్కదాన్నే బండ మీద కూసొని మనసుల అనుకుంటే రాదు. దేవవ్వ నోట్లెకెల్లే వస్తది అది.

ఆగస్టు 14, సోమవారం

మొన్న శనివారం పెద్ద మాటలైనయి. జీపుల ఎవరో ఆఫీసరు భార్య వచ్చి గుండంల దిగిందట, తెల్ల చీర. మీద పారే నీళ్లల్ల దేవవ్వ నూలు జాడిస్తున్నదట, చూసుకోలే. చీరంత ఎర్రబడ్డది. ఆమె నెత్తురనుకొని కేకలేసిందట. అందరు ఉరికిన్రు.

ఆయన ఇంటికొచ్చి చెప్పులు ఇడువకనే కూసున్నడు. "ఇజ్జత్ పోయింది లీలా" అన్నడు.

కచ్చీరుల కాయిదం చదివిన్రు. ఇగ గుండం కాడ నూలు జాడిచ్చుడు లేదు, బట్టలుతుకుడు లేదు.

ఆగస్టు 17

దేవవ్వ వాకిట్లకు వచ్చింది. "దొరసాని, పటేలు ఉన్నడా?"

ఆయన అరుగు మీదికి వచ్చిండు. నేను దర్వాజల నిలబడ్డ.

"పటేలా, మా వాడల బాయి నీళ్లు ఉప్పగుంటయి. నూలు బిర్రుగైతది, తెగుతది. రంగుకు పారే నీళ్లు కావాలె. మా ఇంటాయన మగ్గం మీద ఏం వెయ్యాలె?"

"సర్కారు హుకుం దేవవ్వా, నా చేతులేమున్నది. మీ వాడకు కొత్త బాయి తవ్విస్త. జర ఓపిక పట్టుండ్రి."

ఆమె నా దిక్కు చూసింది. దర్వాజకు చెక్కిన చిలుక ముక్కును నేను గోరుతోని గీకుతున్న. ఏమనాలె. ఆయన చెప్పినంక నేనేమంట.

"మంచిది దొరసాని" అన్నది. ఆయనతోని గాదు, నాతోని. పోయింది.

కొత్త బాయి ఇంటి పక్కన్నే అయితది. వాళ్లకు అంత దూరం నడక తప్పుతది. మంచిదే.

ఆగస్టు 18

మంచిదే.

సెప్టెంబర్ 2

కల వచ్చింది. చిన్నది గుండంల నిలబడ్డది. పైన దూది రాలుతున్నది, మొగులు కిందికి దిగినట్టు. దాని జుట్టు మీద, భుజాల మీద తెల్లగ. నేను ఒడ్డు మీదికెల్లి పిలుస్తున్న. ఏమని పిలువాలె, పేరు లేదు గద, ఊకెనే చేతులు సాపిన. అది తిరుగలే. మెడ, చెవులు కనబడుతున్నయి. మొఖం ఎట్లుంటదో నాకు ఎరుక లేదు గనుక కలకు గూడ ఎరుక లేదు.

పొద్దుగాల ముగ్గేస్తుంటే చేతికి నీళ్లు తగిలినట్టనిపించింది. పిండి అది.

సెప్టెంబర్ 10, ఆదివారం

గుండం కాడ వచ్చేటోళ్లు దిగేతందుకు బంగుల కడుతరట. ఓవర్సీరు వచ్చిండు, కోస్త దిక్కు మనిషి, మంచిగ మాట్లాడుతడు. అన్నం వడ్డిస్తుంటే విన్న.

"పటేల్ గారూ, ఆ ఇప్పచెట్టున్న దిబ్బ ఉంది చూశారా, అక్కడ కడితే వరండాలో కూర్చుని జలపాతం చూడొచ్చండి. అంతకంటే మంచి చోటు లేదు."

"ఆ దిబ్బ వద్దు" అన్నడు ఆయన.

"పోరంబోకే కదండీ అది."

"వద్దంటున్న గద. అవతలి ఒడ్డున నా చెల్క ఉన్నది, ఎంత గావాల్నో తీసుకోండ్రి. దిబ్బను మాత్రం ముట్టద్దు."

దొరల ముంగట పట్నం మాట మాట్లాడే మనిషి, గా మాట మన మాటల్నే అన్నడు. ఓవర్సీరు మొఖం చిన్నబోయింది.

అత్తమ్మ పొద్దుమూకే దాక గొణిగింది. "జొన్న పండే చెల్క. ఎవలన్న ఇస్తరా? నీ మొగనికి మంది పిచ్చి పట్టింది లీలా." నాకు గూడ సమజ్ కాలే. అడగలే.

సెప్టెంబర్ 21

చిన్నది పెరుగుతలేదు. ఎండకాలం ఏ మాటలొచ్చినయో అవే మాటల కాడ ఆగింది.

అక్టోబర్ 17

సద్దుల బతుకమ్మ. గుండానికే తీసుకపోయినం, అది ఎవ్వలు వద్దనలే. తంగేడు, గునుగు, ఎంత పెద్ద బతుకమ్మనో. ఒడ్డు మీద కెమెరాలు పట్టుకొని నిలబడ్డరు. దేవవ్వ పాట ఎత్తింది. ఆమె గొంతు నీళ్ల సప్పుడుల కలిసి ఏది నీళ్లో ఏది పాటో తెలియకుంటయింది. సుట్టు తిరుగుతుంటే మేమిద్దరం ఎదురుపడ్డం. ఆమె కండ్లు నా మీదికెల్లి నీళ్ల మీదికి పోయినయి. చప్పట్లు ఆపలే.

బతుకమ్మను నీళ్లల్ల విడిసినం. మెల్లగ తిరుక్కుంట పోయింది.

అక్టోబర్ 22, ఆదివారం

ఎవరో పెద్ద దొరలొచ్చిన్రట, మల్లొకపారి బతుకమ్మ ఆడుండ్రి అన్నరు. తంగేడు అయిపోయింది. రంగు కాయిదం పూలు తెచ్చిన్రు నిర్మల్ కెళ్లి.

"సాగనంపినంక మల్ల పిలుస్తరా ఎవలన్న" అన్నది అత్తమ్మ. అని, ఎందుకో నా దిక్కు చూసి లోపలికి పోయింది.

నేను ఆడిన. ఆయన ఇజ్జత్ కోసం. దేవవ్వ రాలే. పాట ఎవ్వలకు పూర్తిగ రాదు, సగంల ఆగింది. వాళ్లకు తెలియలే, చప్పట్లు కొట్టిన్రు.

అక్టోబర్ 26

సాలోళ్ల వాడకు పోయిన. పెండ్లై ఇన్నేండ్లల్ల ఆ వాడల అడుగు పెట్టలే. పట్ట పగలు, అందరు చూస్తుండంగ. ముసలి శంకరవ్వ అరుగు మీదికెల్లి లేసి నిలబడ్డది.

దేవవ్వ ఇల్లు నిండ మగ్గమే. ఆమె మొగడు బుచ్చిరాములు గుంతల కాళ్లు పెట్టి నేస్తుండె, నన్ను చూసి ఎక్కి బయటకు పోయిండు. ఆమె రాట్నం ఆపలే.

"గిట్ల రావద్దు దొరసాని. ఊరు ఏమంటది."

"చిన్నది ఎట్లున్నదో చెప్పు దేవవ్వా. శాన దినాలైంది."

రాట్నం తిరుగుతనే ఉన్నది. "నువ్వు దర్వాజల నిలబడ్డవు. నేను ఉప్పు నీళ్ల ముచ్చట చెప్పుకుంటున్న, నువ్వు చిలుకను గీకుతున్నవు. 'అవును, ఆమె చెప్పేది నిజం' అని ఒక్క మాట. గంతే గద. నాకు గుండంల వదినెవి, వాకిట్ల ఎవలవు?"

నేను ఆ గోరును పిడికిట్ల మూసిన.

ఆమె రాట్నం ఆపింది. దారం తెగిందేమో అనుకున్న. తెగలే.

"నేను చూడలే" అన్నది.

"ఏంది?"

"నీ బిడ్డను. నేను చూడలే వదినె. నీకు నెత్తురు ఆగుతలేకుండె, నేను నీ కాళ్లు పట్టుకొని ఉన్న. మంత్రసాని బట్టల చుట్టి పటేలు చేతులకిచ్చింది. జుట్టు, చెవులు అన్నీ నేను కల్పించినయి. నువ్వు గుండంల కూసొని నీళ్లల్లకు గట్ల చూస్తుంటే, మునుగుతవేమో అని బుగులైంది. ఏదో ఒకటి చెప్పాలె గదా అని చెప్పిన. తర్వాత ఆపుడు నాతోని కాలే."

బయట కోడి ఎగిరి గోడెక్కింది. దాని కాళ్లు చూసుకుంట కూసున్న.

"పటేలును అడుగు. చూసినోడు ఆయనొక్కడే."

నవంబర్ 1

ఏం రాయ బుద్ధయితలేదు.

నవంబర్ 4

దీపాలకు వత్తులు చేసిన. నీళ్ల సప్పుడు ఇంట్లకు వినబడుతదని ఇన్నేండ్లల్ల తెలియలే. గాలి ఈ దిక్కు ఉంటే వినబడుతది.

నవంబర్ 13, సోమవారం

పగటి బువ్వ కాడ అడిగిన. పప్పు వేసుకుంట అడిగిన, వేరే ముచ్చట లెక్క. "బిడ్డ మొఖం ఎట్లుండె?"

ఆయన చెయ్యి కంచంల ఆగింది. అత్తమ్మ దేవునర్రల ఉన్నది. ఆయన చెయ్యి కడుక్కొని లేసిండు. "నడువు" అన్నడు.

ఎండల పోయినం, ఇద్దరం. గుండం దాటి ఇప్పచెట్టు దిబ్బ ఎక్కినం. మీది నుంచి నీళ్లు పడేది మొత్తం కనబడుతది, ఓవర్సీరు చెప్పింది నిజమే. నిన్న ఆదివారం వచ్చినోళ్ల బత్తాయి తొక్కలు, ఇస్తార్లు, మసిబట్టిన మూడు రాళ్లు. ఆయన భుజం మీది తువ్వాల పరిచి తొక్కలన్నీ ఏరి అండ్ల వేస్తుండు. అలవాటున్న చేతులు.

"గీడ" అన్నడు. చెట్టు మొదలుకు జర ఇవతల.

నేను కూసున్న. మన్ను వెచ్చగున్నది.

"జుట్టు మస్తుండెనా?"

"లే. గుండు. నున్నగ ఉండె. మా అమ్మ నొసలు, అచ్చం. గప్పటి సంది అమ్మ దిక్కు నిమ్మళంగ చూడలేక పోతున్న."

ఏడుస్తననుకున్న. ఏడువలే. గుండు, నొసలు, గుండు, నొసలు అని లోపల అనుకుంటున్న, మరిచిపోతనేమో అని.

ఆయన నీళ్ల దిక్కు చూసుకుంట చెప్పిండు. "దీన్ని ఒక్కదాన్నే ఈడ పెట్టిపోయినా అని ఫికరుండె. ఆడోళ్లు నీళ్ల కాడికే వచ్చిపోతరు, దిబ్బ మీదికి ఎవ్వలు ఎక్కరు. నల్గురు వస్తే, పిల్లలు ఆడితే, దీనికి తోడుంటదనుకున్న. గందుకే తొవ్వ కోసం నిర్మల్, ఆదిలాబాద్ చెప్పులరిగేటట్టు తిరిగిన. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే."

"అది దిబ్బ మీద లేకుండె" అన్న. "నీళ్ల కాడ ఉండె. నాతోని, దేవవ్వతోని. మీరు దీనికి తోడు తెచ్చిన్రు, మా తోడు పోయింది."

ఆయనకు ఏం సమజైందో ఏమో, చెప్పిన అంతా. రాట్నం ముచ్చట గూడ. ఆయన తువ్వాల మూట పట్టుకొని విన్నడు. దిగేటప్పుడు బండల మీద నా చెయ్యి పట్టుకున్నడు, ఎవలన్న చూస్తరని చూసుకోలే.

నవంబర్ 20

కచ్చీరుల ఇంకో కాయిదం. బస్సు వచ్చే దాక గుండం ఊరి ఆడోళ్లది. నూలు గుండం కింద వాగుల జాడించుకోవచ్చు. ఆదివారం తప్ప. ఆయన ఓవర్సీరుతోని ఎంత కొట్లాడిండో ఇంట్ల చెప్పలే, గొంతు మాత్రం పోయింది, కషాయం కాసిచ్చిన.

దేవవ్వకు చెప్పెటందుకు పోయిన. ఈ పారి శంకరవ్వ లేవలే, జరిగి తొవ్వ ఇచ్చింది.

"కొత్త బాయి తియ్యగ పడ్డది" అన్నది దేవవ్వ. "నూలు మంచిగనే వస్తున్నది. మల్ల గంత దూరం ఎందుకు." నన్ను ఏమని పిలువలే. "కూసో" అన్నది. పీట జరిపింది.

మగ్గం మీద తెల్ల తువ్వాలలున్నయి, బంగులకట. ఎర్రంచు చీరలు ఇప్పుడు తక్కువ నేస్తుండ్రట.

నేను పీట మీద కూసొని చెప్పిన. "గుండట దేవవ్వా. వెంటికె లేకుండెనట. మా అత్తమ్మ నొసలట."

దేవవ్వ కండెకు నూలు చుట్టుడు ఆపి నా మొఖం చూసింది. "గుండా?" అన్నది. "నేను రెండేండ్ల సంది జడలేస్తున్న గదనే దానికి." కొంగు నోట్ల కుక్కుకున్నది. నవ్వో ఏడుపో తెలియలే. నాకు గూడ గట్లనే అయింది. బుచ్చిరాములు బయటికెల్లి తొంగి చూసి మల్ల పోయిండు.

నవంబర్ 26, ఆదివారం

కార్తీక వనభోజనాలని మూడు బస్సులొచ్చినయి. ఆయన అవతలి ఒడ్డున బంగుల పునాది చూపిస్తుండె. నేను ఒక్కదాన్నే దిబ్బ ఎక్కిన. ఆదివారం నేను ఎన్నడు పోలే, ఇదే మొదలు.

చెట్టు కింద ఒక కుటుంబం దుప్పటి పరుచుకున్నది. గుంటూరు దిక్కోళ్లు, నిజామాబాద్‌ల నౌకరీ. సరిగ్గ ఆయన చూపిన జాగల్నే. మల్లిపోదామనుకున్న. ఆ తల్లి చూసింది. నా అంత వయసే.

"రండి అక్కగారూ, ఈ ఊరివారేనా? కూర్చోండి."

కూసున్న. ఆకుల పులిహోర పెట్టి ఇచ్చింది. చింతపండు ఎక్కువ, ఆవ ఘాటు, మా తీరుగ లేదు. తిన్న. దిబ్బ నిండ పిల్లలు ఉరుకుతున్నరు, ఏ బస్సుల పిల్లలు ఏవో. ఆమె బిడ్డ దుప్పటి మీద బోర్ల పండుకొని నిద్రపోతున్నది, చెంప మన్నుకు ఆనిచ్చి.

"మీకెంతమంది పిల్లలండీ?"

"ఒక్కతే. ఆడపిల్ల."

నా నోట్లెకెల్లే వచ్చింది. నా గొంతే.

"ఎన్నేళ్లు?"

"మూడు రాబోతున్నయి."

"మాటలు బాగా వచ్చుంటాయే. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర వదిలొచ్చారా?"

"లే. ఈడనే ఉన్నది."

ఆమె మెడ తిప్పి ఉరికే పిల్లలందర్ని చూసింది. "ఏ పిల్లండీ?"

"గుండుది" అన్న.

పుట్టెంటికెలు తీసిన గుండ్లు నాలుగైదు ఎండల మెరుస్తున్నయి. ఆమె ఏదో ఒకదాన్ని చూసి నవ్వింది. "ముద్దుగా ఉంది. ఎవరి పోలికండీ?"

"మా అత్తమ్మది. నొసలు."

"ఆటలో పడితే తిండి గుర్తుండదు వీళ్లకి" అనుకుంట, ఇంకో ఆకు తీసింది. పులిహోర పెట్టింది, పక్కన చిన్న బెల్లం ముక్క పెట్టింది. "ఇది అమ్మాయికి పెట్టండి, ఆకలేస్తుంటుంది."

ఆకు రెండు చేతుల పట్టుకొని లేసిన.